ఫినెస్ బాస్ వేటకు స్పిన్నింగ్ రాడ్: ముందు ఎర బరువు తేల్చుకోండి, రాడ్ సంగతి ఆ తర్వాత

మాస్టారూ, నమస్కారం. మార్చి నెలాఖరులో మీరు దంపతులిద్దరూ డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉన్న అమ్మాయి ఇంటికి వెళ్లి ఆరు నెలలు ఉండబోతున్నారని, అల్లుడుగారు శని ఆదివారాల్లో ఫినెస్ పద్ధతిలో, అంటే సన్నని దారంతో, చిన్న ఎరలతో బాస్ చేపలు పడతారని, ఆయనతో కలిసి వెళ్లడానికి మీకంటూ ఒక స్పిన్నింగ్ రాడ్ కావాలని, తిరిగి వచ్చాక అదే రాడ్‌ను చిత్తూరు చుట్టుపక్కల చెరువుల్లో కూడా వాడుకోవాలన్నది మీ ఉద్దేశమని రాశారు. చెన్నైలో ఒక దుకాణదారు మీడియం హెవీ (కాస్త గట్టి రకం) రాడ్ చూపించి, ఎంత పెద్ద చేప పడినా ఇది విరగదు, కళ్లు మూసుకుని తీసుకోండి అన్నారని, తీసుకోవచ్చా అని అడిగారు. చిన్నప్పటి నుంచి వెదురు కర్రతో, బెండుతో, ఎర్రలతో గాలం వేసిన అనుభవం మీకుంది కనుక నీటి సంగతీ చేప సంగతీ మీకు నేను చెప్పనక్కర్లేదు. రాడ్ సంగతి మాత్రం వివరంగా చెబుతాను. టెక్సాస్‌లో ఉద్యోగం చేసిన సంవత్సరాల్లో నేను ఎక్కువగా చేసినది ఈ పద్ధతి వేటే. తిరుపతికి తిరిగి వచ్చిన తర్వాత అవే రాడ్లను ఇక్కడి నీళ్లలో వాడుతున్నాను.

ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పి, కారణాలు తర్వాత చెబుతాను. ఆ మీడియం హెవీ రాడ్ తీసుకోవద్దు. మీకు కావలసినది ఆరడుగుల పది అంగుళాల నుంచి ఏడడుగుల దాకా పొడవు, మీడియం లైట్ పవర్, ఫాస్ట్ యాక్షన్ ఉన్న రెండు ముక్కల స్పిన్నింగ్ రాడ్. పిడికి కాస్త పైన బ్లాంక్ (రాడ్ కర్ర) మీద ఎర బరువు 1/8 నుంచి 3/8 ఔన్సు అని, దారం 6 నుంచి 10 పౌండ్లు అని ముద్రించి ఉంటే అది మీ పనికి సరిపోతుంది. కంపెనీ పేరు, ధర, రంగు, కార్బన్ శాతం అన్నీ ఆ రెండు అంకెల తర్వాత చూడవలసినవే.

రాడ్ కొనేవాళ్లు సాధారణంగా చేప ఎంత బరువు ఉంటుందని ఆలోచిస్తారు. ఫినెస్ వేటలో ఆలోచించవలసినది ఎర ఎంత బరువు ఉంటుందని. వెదురు కర్రతో వేసేటప్పుడు ఎర దూరం వెళ్లడం కర్ర పొడవు మీద, మన చేతి వాటం మీద ఆధారపడేది. స్పిన్నింగ్ రాడ్‌లో అలా కాదు. వెనక్కి ఎత్తినప్పుడు ఎర బరువుకు రాడ్ కొస వంగాలి, ఆ వంపు విప్పుకుంటూ ఎరను ముందుకు విసరాలి. కొసను వంచే బరువు ఎరకు లేకపోతే ఎంత బలంగా విదిలించినా అది పది బారల దూరంలోనే పడుతుంది, దారం రీల్ మీద వదులు చుట్లుగా పేరుకుని తర్వాతి విసురులో చిక్కు పడుతుంది.

ఎర ఎంత బరువు ఉంటుందో చేతికి తెలియాలంటే ఒక రూపాయి నాణెం తీసుకోండి. 2011లో మొదలైన వరుసలోని చిన్న రూపాయి నాణెం 3.79 గ్రాములు, రెండు రూపాయల నాణెం 4.85 గ్రాములు. 1/8 ఔన్సు అంటే సుమారు మూడున్నర గ్రాములు, అంటే రూపాయి నాణెం కంటే కొంచెం తక్కువ. 3/16 ఔన్సు సుమారు 5.3 గ్రాములు, 1/4 ఔన్సు సుమారు 7 గ్రాములు, 3/8 ఔన్సు సుమారు పదిన్నర గ్రాములు. మీ అల్లుడుగారు ఫినెస్ పేరుతో విసిరేవన్నీ దాదాపు ఈ హద్దుల్లోనే ఉంటాయి. దుకాణదారు చూపిన మీడియం హెవీ రాడ్ మీద 3/8 నుంచి ఒక ఔన్సు దాకా అనో, గ్రాముల్లో 10 నుంచి 28 దాకా అనో రాసి ఉంటుంది. మీ దగ్గర ఉండబోయే అన్నిటికన్నా బరువైన ఎర దగ్గర ఆ రాడ్ పని మొదలవుతుందన్నమాట.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. రాడ్ మీద రాసిన బరువు మొత్తం ఎరది, సీసపు గుండుది మాత్రమే కాదు. మూడున్నర గ్రాముల గుండు గాలానికి రెండు మూడు గ్రాముల మెత్తని ప్లాస్టిక్ పురుగు తొడిగితే రాడ్ మోసేది ఆరు గ్రాముల పైచిలుకు. మీరు తరచుగా విసిరే బరువు రాడ్ మీద రాసిన హద్దులకు మధ్యలో పడేలా చూసుకోండి. కింది అంచున పడితే విసురు సరిగా రాదు, పై అంచున పడితే కొస బరువెక్కి ఎర ఎక్కడ పడుతుందో మన అదుపులో ఉండదు.

అల్లుడుగారు వాడే అవకాశమున్న పద్ధతులను బట్టి ఇది కొంచెం మారుతుంది కనుక వాటిని కూడా చెబుతాను. నెడ్ రిగ్ అని ఒకటి ఉంది. పుట్టగొడుగు తల ఆకారంలో ఉండే చిన్న సీసపు గుండుకు రెండున్నర, మూడు అంగుళాల పొట్టి ప్లాస్టిక్ ఎర తొడిగి అడుగున నెమ్మదిగా జరిపే పద్ధతి. కాన్సాస్ రాష్ట్రానికి చెందిన నెడ్ కెడీ పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. దీని మొత్తం బరువు నాలుగు నుంచి ఏడు గ్రాములు, మీడియం లైట్ రాడ్‌కు సరిగ్గా కుదురుతుంది. రెండోది డ్రాప్ షాట్. ఇందులో సీసం దారం చివరన ఉంటుంది, గాలం దానికి జానెడు, మూరెడు పైన ఉంటుంది, ఎర అడుగుకు తగలకుండా చేప కళ్లెదుట నిలబడి కదులుతుంది. ఇది జపాన్‌లో బాగా వాడుకలోకి వచ్చి, అక్కడి నుంచి అమెరికా పడమటి తీరానికి, తర్వాత దేశమంతటికీ వ్యాపించింది. దీనికి ఐదు నుంచి ఏడు గ్రాముల సీసం వాడతారు, దీనికీ మీడియం లైట్ చక్కగా సరిపోతుంది.

మూడోది వాకీ రిగ్. గ్యారీ యమమోటో కంపెనీ వారి సెంకో వంటి బరువైన ప్లాస్టిక్ పురుగును మధ్యలో గాలానికి గుచ్చి, సీసం లేకుండా వదిలితే రెండు కొసలూ వణుకుతూ మునుగుతుంది. ఐదంగుళాల సెంకో ఒక్కటే దాదాపు పది గ్రాములు తూగుతుంది. అల్లుడుగారు ప్రధానంగా వాకీ రిగ్గే వేస్తారంటే మాత్రం నా సలహా మారుతుంది: అప్పుడు మీడియం పవర్, 3/16 నుంచి 5/8 ఔన్సు దాకా రాసి ఉన్న రాడ్ తీసుకోవాలి. అన్నీ కలిపి వేస్తారంటే మీడియం లైట్ తీసుకుని, వాకీకి నాలుగంగుళాల పురుగు వాడుకోండి. ఈ ఒక్క మాట ఆయనను ఫోన్‌లో అడిగి తెలుసుకున్న తర్వాతే డబ్బు ఖర్చు పెట్టండి.

పవర్, యాక్షన్ అనే రెండు మాటలను దుకాణాల్లో కలిపేసి చెబుతుంటారు, అవి వేర్వేరు. రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలన్నది పవర్, వంచినప్పుడు అది ఎక్కడ వంగుతుందన్నది యాక్షన్. ఫాస్ట్ అంటే పై మూడో వంతు ప్రధానంగా వంగుతుంది, మోడరేట్ అంటే వంపు నడుమ దాకా దిగుతుంది, ఎక్‌స్ట్రా ఫాస్ట్ అంటే కొస ఒక్కటే వంగుతుంది. ఈ పేర్లకు అన్ని కంపెనీలూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ మీడియం లైట్ మరో కంపెనీ మీడియం అంత గట్టిగా ఉండవచ్చు. పేరు కంటే ఎర బరువు అంకెలను నమ్మమని నేను చెప్పేది ఇందుకే.

ఫినెస్ వేటలో మెత్తని కొస ఎందుకు కావాలో తెలియాలంటే బాస్ తినే తీరు చూడాలి. లార్జ్‌మౌత్ బాస్ ఎరను కొరికి పట్టుకోదు. నోరు, మొప్పలు ఒక్కసారిగా విప్పి నీటితో పాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది. పీల్చినంత తేలికగా బయటికి ఊదేస్తుంది కూడా. దారం బిగువుగా ఉండి, కొస గట్టిగా ఉంటే ఎర పూర్తిగా నోట్లోకి వెళ్లదు, వెళ్లినా చేపకు అనుమానం వచ్చి వదిలేస్తుంది. కొస రెండు మూడు అంగుళాలు మెత్తగా లొంగితే ఎర లోపలికి వెళుతుంది, చేప దాన్ని మరి కాస్త సేపు నోట్లో ఉంచుకుంటుంది, ఆ కాస్త సేపే మనకు కావలసినది. బెండు మునగడం చూసి లాగే అలవాటు మీకుంది. ఇక్కడ బెండు ఉండదు. చేప ముట్టినప్పుడు చేతికి ఒక చిన్న 'టక్' తెలుస్తుంది, లేదా ఎర ఉన్నట్టుండి బరువైనట్టో, బరువు లేకుండా పోయినట్టో అనిపిస్తుంది, లేదా నీటి మీది దారం పక్కకు నడుస్తుంది. మూడోదాన్ని కళ్లతోనే పట్టుకోవాలి కనుక మొదట్లో పసుపు రంగు బ్రెయిడ్ (సన్నని నారలు అల్లిన) దారం వాడండి.

ఇంకో కారణం గాలంలోనే ఉంది. ఫినెస్ గాలాలు సన్నని తీగతో చేసినవి, మొన బయటికే ఉంటుంది. అవి దిగడానికి గట్టిగా గుంజనక్కర్లేదు. వదులు దారాన్ని రీల్‌తో చుట్టి రాడ్‌ను పక్కకు సాగదీస్తే చాలు, గాలం దానంతట అదే పెదవి మూలలో దిగుతుంది. మీడియం హెవీ రాడ్‌తో వెదురు కర్ర అలవాటు కొద్దీ పైకి గుంజారంటే సన్నని గాలం విప్పుకుంటుంది, లేదా 6 పౌండ్ల లీడర్ (అసలు దారం చివర కట్టే వేరే దారపు తునక) ముడి దగ్గర తెగుతుంది. సన్న దారానికీ సన్న గాలానికీ మధ్య దెబ్బను మింగేది రాడ్ వంపే.

విరగదు అన్న హామీ గురించి ఇప్పుడు చెబుతాను, ఎందుకంటే మీ మనసు అక్కడే ఆగిందని మీ ప్రశ్న చదివితే అర్థమవుతోంది. ప్రపంచ రికార్డు లార్జ్‌మౌత్ బాస్ జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ 1932లో పట్టినది, 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైన కొద్దిగా. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురితా దాదాపు అదే బరువు చేపను పట్టి ఆ రికార్డును సమం చేశారు. టెక్సాస్ చెరువుల్లో మీకు మామూలుగా పడేవి అరకిలో నుంచి రెండు కిలోల లోపు ఉంటాయి. అంతకన్నా పెద్దది పడినా రాడ్ మీద పడే భారాన్ని నిర్ణయించేది చేప కాదు, రీల్ మీది డ్రాగ్, అంటే ఎంత లాగుడుకు దారం జారాలో బిగించే మర. 8 పౌండ్ల లీడర్, అంటే దాదాపు మూడు కిలోల ఆరు వందల గ్రాములకు తెగేది వాడినప్పుడు డ్రాగ్‌ను అందులో మూడో వంతుకు, కిలో పైచిలుకుకు బిగిస్తాం. చేప అంతకు మించి లాగితే రీల్ దారం వదులుతుంది, రాడ్‌కు అంతకు మించి బరువు చేరదు. మీడియం లైట్ రాడ్ ఆ బరువును రోజంతా మోయగలదు.

రాడ్లు విరిగేది మరో రకంగా. చేప దగ్గరికి వచ్చాక రాడ్‌ను తల వెనక్కి ఎత్తి పట్టుకుంటే వంపు మొత్తం కొస దగ్గరి సన్నని భాగంలో పడుతుంది, అక్కడ పుటుక్కున విరుగుతుంది. ఒడ్డున బండ మీదికో, కట్ట రాతికట్టడం మీదికో చేపను రాడ్‌తోనే ఎత్తినప్పుడు విరుగుతుంది. కారు తలుపులో పడి విరుగుతుంది. సీసపు గుండు ఊగి బ్లాంక్‌కు తగిలిన చోట కంటికి కనిపించని పగులు పడి, నెల తర్వాత చిన్న చేపకే విరుగుతుంది. వీటిలో ఏదీ మందమైన రాడ్ కొంటే ఆగేది కాదు. పిడితో రాడ్‌ను నేలకు అరవై డిగ్రీలకు మించి ఎత్తకుండా, చివరికి చేపను చేత్తోనో వలతోనో అందుకునే అలవాటు చేసుకుంటే సన్న రాడ్ కూడా ఏళ్ల తరబడి ఉంటుంది.

అలాగని అల్ట్రా లైట్ వైపు కూడా పోవద్దు. ఎండాకాలంలో టెక్సాస్ నీళ్లు బాగా వేడెక్కుతాయి, వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ. మరీ మెత్తని రాడ్‌తో చేపను ఎక్కువ సేపు ఆడిస్తే వదిలేసిన తర్వాత కూడా అది తేరుకోలేదు. పట్టి వదిలేసేవారికి ఇది ముఖ్యమైన విషయమని నా నమ్మకం.

దారం సంగతి రాడ్‌తో కలిపే నిర్ణయించుకోవాలి. ఇప్పుడు ఫినెస్ వేట చేసేవాళ్లలో ఎక్కువమంది రీల్ నిండా 10 పౌండ్ల బ్రెయిడ్ చుట్టి, చివర రెండు మూడు బారల ఫ్లోరోకార్బన్ లీడర్ కడతారు, 6 లేదా 8 పౌండ్లది. బ్రెయిడ్ దాదాపు సాగదు, అందుకే దూరాన ఉన్న చేప ముట్టిన సంగతి కూడా చేతికి తెలుస్తుంది. సాగదు కనుకనే రాడ్ కొస సాగాలి. అల్లుడుగారు బ్రెయిడ్ కాక పూర్తిగా నైలాన్ దారం వాడేవారైతే ఆ సాగుడు దారంలోనే ఉంటుంది, అప్పుడు ఎక్‌స్ట్రా ఫాస్ట్ కొస ఉన్నా ఇబ్బంది లేదు. మన ఆన్‌లైన్ దుకాణాల్లో బ్రెయిడ్‌ను పీఈ 0.8, పీఈ 1 అని జపాన్ లెక్కలో అమ్ముతారు. ఈ పనికి 0.8 సరిపోతుంది, 1 దాటనవసరం లేదు.

బ్రెయిడ్‌కూ లీడర్‌కూ మధ్య ముడి ఉంటుంది. విసిరిన ప్రతిసారీ అది గైడ్లలోంచి, అంటే రాడ్ వెంట దారం దూరే వలయాల్లోంచి, దూసుకుపోవాలి. కొన్ని రాడ్లకు బరువు తగ్గించడానికి కొస వైపు మరీ చిన్న గైడ్లు పెడతారు. సన్నగా ఉండే ఎఫ్‌జీ ముడి వాటిలోంచి జారిపోతుంది కానీ లావుగా ఉండే డబుల్ యూనీ ముడి తగులుకుని ఆగుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని ఒడ్డున గాలిలో ఎఫ్‌జీ ముడి వేయడం మొదట్లో కష్టం. అందుచేత కొసన ఉన్న గైడ్ లోపలి రంధ్రంలోంచి మీరు వేయగలిగిన ముడి సాఫీగా దూరుతుందో లేదో దుకాణంలోనే చూసుకోండి. ఒక మూర దారానికి లీడర్ కట్టి జేబులో పెట్టుకుని వెళ్తే ఆ పరీక్ష నిమిషంలో అయిపోతుంది.

గైడ్ల లోపలి వలయాలు పింగాణీ జాతివి. ఫ్యూజీ కంపెనీ అల్కోనైట్ అయినా, మామూలు అల్యూమినియం ఆక్సైడ్ అయినా ఈ సన్న దారానికి చాలు, ఎస్ఐసీ (సిలికాన్ కార్బైడ్) కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. చూడవలసినది పగులు. వెంట్రుకవాసి పగులు కంటికి ఆనదు, బ్రెయిడ్‌ను మాత్రం బ్లేడులా కోస్తుంది. దీపపు వత్తులకు వాడే పత్తి చిన్న ఉండ తీసుకుని ఒక్కొక్క వలయం లోపల చుట్టూ తిప్పండి. ఎక్కడైనా పోగు పట్టుకుంటే అక్కడ పగులు ఉన్నట్టే, ఆ రాడ్ పక్కన పెట్టి మరొకటి అడగండి. తర్వాత రాడ్‌ను తుపాకీ గురి చూసినట్టు కన్ను దగ్గర పెట్టుకుని పిడి వైపు నుంచి కొస దాకా చూడండి, గైడ్లన్నీ ఒకే గీతలో ఉండాలి. రీల్ బిగించే సీటును మరతిప్పి, రీల్ పాదం కదలకుండా నిలుస్తుందో చూడండి. రెండు ముక్కల రాడ్ అయితే అతుకు దగ్గర పట్టుకుని మెల్లగా విదిలించండి, 'టిక్' మన్న శబ్దం వస్తే అతుకు వదులు.

బరువు గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. డ్రాప్ షాట్ వేసేటప్పుడు రాడ్‌ను కొస పైకెత్తి చాలా సేపు పట్టుకోవాలి. రాడ్ మొత్తం బరువు వంద గ్రాములా నూట ముప్ఫై గ్రాములా అన్నదాని కంటే, రీల్ బిగించాక బరువు ఎటు ఒరుగుతుందన్నది మణికట్టుకు ఎక్కువ తెలుస్తుంది. 2500 సైజు రీల్ బిగించి, రీల్ కాడకు కాస్త ముందు చూపుడు వేలు మీద రాడ్‌ను నిలబెట్టండి. కొస కిందికి వాలిపోతే ఆ జత మీకు కుదరదు, ఒక గంటలోనే మణికట్టు నొప్పి మొదలవుతుంది. సమంగానో, పిడి వైపు కొద్దిగానో ఒరిగితే మంచిది. పిడి వెనక భాగం మోచేతికి రెండు మూడు అంగుళాల ముందే ఆగాలి. అంతకంటే పొడవైతే రాడ్‌ను పక్కకు తిప్పినప్పుడల్లా చొక్కాకు, పక్కటెముకలకు తగులుతుంది. కార్క్ పిడా, ఫోమ్ పిడా అన్నది మీ ఇష్టం. చెమట పట్టే చేతులకు కార్క్ బాగుంటుందని నా అనుభవం.

కార్బన్ గురించి దుకాణాల్లో చాలా మాటలు వినిపిస్తాయి. ఐఎం6, ఐఎం7, ఐఎం8 అనేవి ఒక తయారీదారు తన కార్బన్ నారకు పెట్టుకున్న గుర్తులుగా మొదలై, తర్వాత అందరూ ప్రకటనల్లో వాడుకునే మాటలయ్యాయి. 24 టన్ను, 30 టన్ను, 40 టన్ను అనేవి నార బిగువును చెప్పే అంకెలు. అంకె పెరిగే కొద్దీ అదే గట్టిదనాన్ని తక్కువ పదార్థంతో సాధించవచ్చు, అందుకే రాడ్ తేలికవుతుంది, గోడ పలచబడుతుంది, దెబ్బకు తట్టుకోవడం తగ్గుతుంది. ప్రయాణాల్లో వాడే మొదటి రాడ్‌కు 24, 30 మధ్య ఉన్నదే మేలు. అమెరికాలో వంద డాలర్లకు అటూ ఇటూ పెడితే షిమానో, దైవా, ఫెన్విక్, సెయింట్ క్రోయ్ వంటి కంపెనీల్లో ఈ పనికి తగినవి దొరుకుతాయి. అంతకు రెండింతలు పెడితే రాడ్ మరింత తేలికగా వస్తుంది కానీ మొదటి ఏడాదిలో ఆ తేడా వల్ల చేపలు ఎక్కువ పడవు. మిగిలే డబ్బు రీల్ మీద పెట్టండి, ఎందుకంటే సన్న దారానికి డ్రాగ్ నునుపుగా వదలడం ప్రాణాధారం.

రాడ్ ఇక్కడ కొనాలా, అక్కడ కొనాలా అని కూడా అడిగారు. అక్కడే కొనండి. చేతిలోకి తీసుకుని, రీల్ బిగించి చూడగలిగే పెద్ద దుకాణాలు డాలస్ చుట్టూ ఉన్నాయి. మన వైపు ఫినెస్‌కు పనికొచ్చేవి ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి, చేత్తో పట్టి చూసే వీలు లేదు. తిరిగి తెచ్చుకోవాలి కనుకనే రెండు ముక్కలది అన్నాను. ఆరడుగుల పది అంగుళాలంటే 208 సెంటీమీటర్లు, ఒకే ముక్కగా విమానంలో తేవడం కష్టం. రెండు ముక్కలైతే ఒక్కొక్కటి 104 సెంటీమీటర్లు. పది సెంటీమీటర్ల గొట్టంలో పెట్టినా పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 130 లోపే ఉంటుంది, చాలా విమాన సంస్థలు చెకిన్ సామానుకు పెట్టే 158 సెంటీమీటర్ల హద్దులో సులువుగా ఇముడుతుంది. టికెట్ కొన్న సంస్థ నియమం ఒకసారి చూసుకోండి. గాలాలన్నీ చెకిన్ పెట్టెలోనే వేయండి, చేతి సంచిలో వద్దు. ఒకప్పుడు రెండు ముక్కల రాడ్లలో అతుకు దగ్గర వంపు తెగినట్టు ఉండేది, ఇప్పటి మంచి రాడ్లలో ఆ లోపం చేతికి తెలియదు. పెట్టెలో ఇమిడే టెలిస్కోపిక్ రాడ్లు మాత్రం వద్దు, వాటి వంపు మెట్లు మెట్లుగా ఉంటుంది, ఈ సున్నితమైన పనికి కుదరదు.

ఇక మన నీళ్ల సంగతి. బాస్ మన చెరువుల్లో లేదు. దాని వేట తీరుకు కొంత దగ్గరగా ఉండేది కొరమీను, అది కూడా పొంచి ఉండి మీద పడే చేపే. కానీ కొరమీను ఉండేది తామరాకుల కింద, గుర్రపుడెక్క అంచున, తుంగలో. దాన్ని అక్కడి నుంచి ఒక్క ఊపులో బయటికి లాగాలి, లేకపోతే కాడల్లో చుట్టుకుని దారం తెంపుతుంది. ఆ పనికి మీడియం హెవీ లేదా హెవీ రాడ్, 40, 50 పౌండ్ల బ్రెయిడ్, కప్ప ఆకారపు ఎర కావాలి. మీ దుకాణదారు చూపిన రాడ్ ఆ వేటకు బహుశా బాగానే పనికొస్తుంది. ఒకే రాడ్‌తో రెండు పనులూ చేయాలనుకుంటే రెండూ చెడతాయి.

మీడియం లైట్ రాడ్‌కు మన దగ్గర పని లేకపోలేదు. తూము దగ్గర, మరవ కింద నాచు లేని నీటిలో మూడు నాలుగు గ్రాముల చిన్న జిగ్‌లకు (గాలానికి సీసపు తల ఉన్న ఎరలకు) కుర్ర కొరమీనులు బాగా వస్తాయి. ఎర్ర గుచ్చి చిన్న గాలం వేస్తే జిలేబి చేపలు, జెల్లలు పడతాయి. పిండి ఎరకు రెండు మూడు కిలోల రోహు పడితే డ్రాగ్ పాడే పాట వినవలసిందే. తిరుపతి పక్కన రాయలచెరువు, పిచ్చాటూరు దగ్గరి ఆరణియార్ వంటి పెద్ద నీళ్లలో ఒడ్డు నుంచి దూరం విసరడానికి ఏడడుగుల పొడవు ఉపయోగపడుతుంది. ఎక్కడైనా సరే, చేపల వేలం పాట పాడుకున్నవారినో, మత్స్యకారుల సంఘాన్నో ముందుగా అడిగి, ఒప్పుకుంటేనే గాలం వేయండి. అది వారి జీవనాధారం.

రెండు జాగ్రత్తలు మరిచిపోవద్దు. కార్బన్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. మన చెరువు కట్టల మీదుగా, పొలాల మీదుగా కరెంటు తీగలు కిందికి వేలాడుతూ పోతుంటాయి. వెదురు కర్ర భుజాన వేసుకుని నడిచినట్టు ఈ రాడ్‌ను నిలబెట్టి పట్టుకుని ఆ తీగల కింద నడవకూడదు, అడ్డంగా, కొస వెనక్కి ఉంచి పట్టుకోండి. టెక్సాస్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వానలు ఎక్కువ. మొదటి ఉరుము వినగానే రాడ్ కింద పెట్టి కారులోకి వెళ్లిపోవాలి, చేప లాగుతున్నా సరే. రెండోది వేడి. మే నెలలో తిరుపతి ఎండలో మూసి ఉంచిన కారులో రాడ్ వదిలేస్తే కొస గైడ్‌ను అతికించిన జిగురు మెత్తబడి అది పక్కకు తిరిగిపోతుంది. తిరిగితే కంగారు పడనక్కర్లేదు, కొద్దిగా వేడి చేసి సరిచేయవచ్చు.

లైసెన్స్ గురించి మీరు అడగలేదు కానీ, రాడ్ కంటే ముందు అదే కావాలి. టెక్సాస్‌లో పదిహేడేళ్లు నిండినవారికి చేపల వేటకు లైసెన్స్ తప్పనిసరి, సందర్శకులుగా వెళ్లినవారికి నాన్ రెసిడెంట్ లైసెన్స్ ఇస్తారు. అక్కడి మామూలు వార్షిక లైసెన్స్ ఆగస్టు 31తో ముగుస్తుంది కనుక సెప్టెంబరులో కూడా వెళ్లేట్టయితే మళ్లీ తీసుకోవాలి. రాష్ట్ర పార్కుల లోపల ఒడ్డు మీద నుంచి వేసేవారికి లైసెన్స్ అక్కర్లేదు, మొదటి వారాల్లో చేయి తిరిగే దాకా అక్కడికి వెళ్లడం మంచిది. ఎంత పొడవు చేపను ఉంచుకోవచ్చు, దేన్ని వదలాలి అన్నది సరస్సును బట్టి మారుతుంది. ఉదాహరణకు టెక్సాస్‌లోని లేక్ ఫోర్క్ సరస్సులో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను తప్పనిసరిగా వదిలేయాలి.

అల్లుడుగారి దగ్గర ఖాళీగా ఉన్న స్పిన్నింగ్ రీల్ ఏదైనా ఉందేమో, ఉంటే ఏ కంపెనీది, ఏ సైజుదో కనుక్కుని రాయండి. ఆ రీల్ బరువును బట్టి ఏ రాడ్‌తో సమంగా నిలుస్తుందో చెప్పగలను, కొత్త రీల్ ఖర్చు కూడా మీకు మిగలవచ్చు.